కత్తెర గది దాటిన ఉత్తరాలు

నిఘంటు కార్యాలయం వారికి,

నమస్కారం.

తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు మాటలకు మీరు తయారుచేస్తున్న నిఘంటువు కోసం, ఇరవై ఏళ్లుగా ‘సెట్’ అనే మాట మీద కార్డులు రాసి పంపుతున్న ఆవిడ నా భార్య. ఎవరి నోట ఆ మాట వినబడినా వెంటనే కార్డుకెక్కించేది. మొన్న మంగళవారం చనిపోయింది.

ఆ రోజు సంగతి ఇది. పొద్దున ఆరింటికి లేచింది. అలారం సెట్ చేయలేదని నన్ను తిట్టింది. తొమ్మిదింటికి ఆమె పళ్ల సెట్టు కనబడలేదు. చివరికి నా కళ్లజోడు పెట్టెలో దొరికింది. అందులోకి ఎలా వెళ్లిందో ఇద్దరిలో ఎవరం ఒప్పుకోలేదు. పదకొండింటికి వీధి చివరి దర్జీ వచ్చి, “జాకెట్టు సెట్టయిందా అమ్మా?” అన్నాడు. ఆమె “ఉండు, కదలకు, మళ్లీ అను” అంటూ కార్డు కోసం లోపలికి పరుగెత్తింది. అతను బెదిరిపోయాడు. “కంప్లయింటు రాస్తున్నారా అమ్మా? చేతుల దగ్గరే కదా, విప్పి కుడతాను” అన్నాడు. భోజనం చేసి పడుకుంది. నాలుగింటికి లేపితే లేవలేదు. గుండె అన్నాడు డాక్టరు.

ఇంట్లో ఆమె చేతిరాత ఒక్క కాగితం మీద కూడా లేదు. రాసిందంతా మీకే పంపింది. దయచేసి తిరిగి ఇప్పించండి.

ఇట్లు,
ఆవిడ భర్త

తా.క. దర్జీ కార్డు కూడా ఆ మధ్యాహ్నమే పోస్టుడబ్బాలో పడింది. నేనే వేశాను. తెలియక.

*

అయ్యా,

మీ ఉత్తరం అందింది. చాలా సంతోషం! భార్యాభర్తలిద్దరూ ఒకే మాట మీద పనిచేయడం మా కార్యాలయంలో ఇదే మొదలు. మీ అలారం తీసుకున్నాం. పళ్ల సెట్టు తీసుకోలేం, అది పదేళ్లుగా మా దగ్గరే ఉంది. (మాట మాత్రమే.) దర్జీ మాట అక్కయ్యగారి కార్డులోనూ వచ్చింది కాబట్టి ఇద్దరు సాక్షులు దొరికినట్టయింది. ‘సెట్’కు ఇప్పటికి అరవై మూడు అర్థాలు తేలాయి. ఈ ఉత్సాహం తగ్గనివ్వకండి.

ఇట్లు,
‘స’ బల్ల సహాయ సంపాదకురాలు

తా.క. దర్జీ వయసు లేకపోతే కార్డు చెల్లదు. అక్కయ్యగారిని అడిగి రాయండి.

*

సంపాదకురాలికి,

ఆమెను అడగడం కుదరదు. కారణం ముందే రాశాను. మళ్లీ చదవండి.

సెట్ మీద ఆమె రాసిన కార్డులన్నీ నాకు కావాలి. అంతకుమించి ఏమీ అడగను.

ఇల్లంతా చుట్టాలు. నిన్న మా అన్నయ్య హాల్లో కూర్చుని, “ఒరేయ్, నీకు వంట రాదు, ఇంకో సంబంధం సెట్ చేస్తాను, ఊఁ అను” అన్నాడు. అప్పుడే అతని సంచీ గుమ్మం బయట పెట్టాను.

ఇట్లు,
ఆవిడ భర్త

తా.క. దర్జీకి యాభై రెండు.

*

అయ్యా,

మీ ఉత్తరం చదివాను. ఇంట్లో ఆవిడ ఉండగానే ఇంకో సంబంధమా? వంట రాకపోతే నేర్చుకోవాలి గానీ! పైగా ఆమె కార్డులన్నీ మీకు కావాలా? ఇరవై ఏళ్ల కష్టం మీ పేరున రాసేసుకుందామనా? చచ్చినా ఇవ్వను.

“మనకెందుకు మేడమ్, వాళ్ల సంసారం వాళ్లది” అన్నాడు పక్కనున్న ‘ఠ’ బల్ల ఆయన. “మీరూరుకోండి, ఏడాదికి ఒక్క మాట రాదు మీ బల్లకి, ఊళ్లోవాళ్ల మీద జాలొకటి” అన్నాను.

అక్కయ్యగారే సంతకం పెట్టి అడిగితే అప్పుడు చూద్దాం. త్వరగా పెట్టమనండి. ‘స’ సంపుటం వచ్చే వారం అచ్చుకు వెళ్తుంది. ఆ తరవాత కార్డులన్నీ కాగితపు మిల్లుకు పోయి గుజ్జవుతాయి.

ఇట్లు,
‘స’ బల్ల సహాయ సంపాదకురాలు

తా.క. మీ ఉత్తరాలు మరీ పొడుగని కత్తెర గదివాళ్లు సణుగుతున్నారు. ఇక్కడికొచ్చే ప్రతి కాగితం ముందు వాళ్ల దగ్గరికే వెళ్తుంది. ‘సెట్’ ఉన్న వాక్యం కత్తిరించి నాకిస్తారు, మిగతాది బుట్టలో వేస్తారు. ఈసారి మీవి రెండే ముక్కలొచ్చాయి. అనవసరంగా సిరా ఖర్చు పెట్టుకోకండి. దర్జీ వయసు ఇంకా రాలేదు.

*

సెట్ సంపాదకురాలికి,

సెట్, నమస్కారం.

నా భార్య చనిపోయింది, సెట్. మొదటి ఉత్తరంలోనే రాశాను, సెట్, బుట్టలో వెతకండి. ఇంకో సంబంధం లేదు, సెట్. అన్నయ్యను ఇంటికి పంపేశాను, సెట్. వంట నేర్చుకుంటున్నాను, సెట్, అన్నం మాడింది. ఆమె చేతిరాత ఇంట్లో ఎక్కడా లేదు, సెట్. కార్డులు గుజ్జు చేయకండి, సెట్. దర్జీకి యాభై రెండేళ్లు, సెట్.

ఇట్లు,
ఆవిడ భర్త, సెట్

తా.క. ఇలా రాయడం చూస్తే ఆమె పడీ పడీ నవ్వేది, సెట్.

*

బావగారికి,

అలా పిలవనివ్వండి. ఎక్కడ కోయాలో తెలియక కత్తెర గదివాళ్లు మీ ఉత్తరాన్ని మొత్తంగా తెచ్చి నా చేతిలో పెట్టారు. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ‘ఠ’ బల్ల ఆయన మంచినీళ్లు తెచ్చి, “నేను చెప్పలేదా” అనకుండా వెళ్లాడు. మంచి మనిషి. మీరు నన్ను క్షమించాలి. “చాలా సంతోషం” అని రాసిన చేతిని ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

అక్కయ్య పెట్టె తెరిచాను. నాలుగు వందల పన్నెండు కార్డులు. వాటిలో నూట పన్నెండు మీవే. అంటే, “ఎవరన్నారు?” అన్న చోట “మా ఆయన” అని ఉన్నవి. మూడు ఎత్తి రాస్తున్నాను.

“నువ్వు పుట్టింటికెళ్తే ఈ ఇల్లు నాకు సెట్ కాదే.”

“ఈ రంగు నీకు సెట్టయినట్టు ఇంకెవరికీ కాదు.”

“కోపం చాల్లే, కాఫీ తెచ్చాను, తాగి మూడ్ సెట్ చేసుకో.”

మాటకారి మొగుడంటే మీరేనని మా దగ్గర పేరు. ‘ఠ’ బల్ల ఆయన రెండోది కంఠస్థం చేసుకెళ్లి వాళ్లావిడతో అన్నాడు. “ఎవత్తి నేర్పింది?” అని ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. అచ్చుకు ముందు, మాట అన్న మనిషి వచ్చి ప్రతి కార్డు మీదా “నేనే అన్నాను” అని సంతకం పెట్టాలి. పెడితే వాక్యం నిఘంటువులో చేరుతుంది, కార్డు అతని చేతికిస్తాం. అనలేదంటే ఆ కార్డు గుజ్జుకే. మిగతా మూడు వందలు ఊళ్లోవాళ్లవి, వాటి మీద నాకు హక్కు లేదు. మీవి మాత్రం మీ చేతిలోనే ఉన్నాయి. శుక్రవారం ఆఖరు.

ఇట్లు,
మీ మరదలులాంటిది

తా.క. అరవై మూడు అర్థాల్లో పదకొండు మీ మాటల మీదే నిలబడ్డాయి. మీరు వెనక్కి తగ్గితే ‘సెట్’ బక్కచిక్కిపోతుంది.

*

సంపాదకురాలికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

ముప్పై ఏళ్లు తూనికల శాఖలో పనిచేశాను. స్వయంగా తూచి చూడనిదే ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. దుకాణాలవాళ్లు నన్ను ‘రాయి’ అనేవాళ్లు. ఇంట్లో రోజుకు పది మాటలు మాట్లాడేవాణ్ని. వాటిలో నాలుగు “ఊఁ”.

“ఏమన్నా అనండీ, రాసుకుంటాను” అనేది. పేపరు తిప్పేవాణ్ని. “పోనీ, నేనే రాసుకుంటాలెండి” అనేది. వేళాకోళం అనుకున్నాను.

మీరు ఎత్తి రాసిన మూడూ నేను అనలేదు. ఆమె పుట్టింటికి వెళ్తే ఏ గదిలోనూ కూర్చోలేకపోయేవాణ్ని. ఆ చీర రంగు నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. కాఫీ తేవాలని ఒకసారి వంటింటిదాకా వెళ్లి, పొడి ఎక్కడుందో తెలియక వెనక్కి వచ్చాను. ఇవేవీ పైకి చెప్పలేదు. ఆమెకు ఎలా తెలిశాయో తెలియదు.

ఇట్లు,
ఆవిడ భర్త

తా.క. ఇది పోస్టు చేయను, మీ చేతికే ఇస్తాను. రేపు పొద్దున మొదటి బస్సుకు వచ్చి, నూట పన్నెండు కార్డుల మీదా “నేనే అన్నాను” అని సంతకం పెడతాను.