మరియమాత చిటికెనవేలు

తమ్ముడూ,

మన చర్చి నూరేళ్ల చరిత్ర రాశానని, అచ్చుకి వెళ్లేముందు ఒకసారి చూడమని పంపావు. చూశాను. ఒళ్లు మండిపోయింది.

చర్చి ఆవరణలో కట్టిన గుహలోని మరియమాత విగ్రహం చిటికెనవేలు ఏటవతలి వాళ్లు రాయి విసిరి విరగ్గొట్టారని రాయడానికి నీకు చేతులెలా వచ్చాయి? ఆ రోజు అమ్మ నిచ్చెనెక్కి విగ్రహం తుడుస్తుంటే కింద పట్టుకుని నిలబడ్డది నువ్వు కాదూ? రోడ్డు మీద స్నేహితుడెవరో పిలిచాడని వదిలేసి పోయావు. అమ్మ పడిపోబోతూ మాత చెయ్యి పట్టుకుంది. వేలు ఊడి ఆమె గుప్పిట్లోకి వచ్చింది.

“ఎవరితోనూ అనకండర్రా, నన్నిక గుహ దరిదాపులకి రానివ్వరు” అని ఏడిస్తే నోరు మూసుకున్నాం. మర్నాటికల్లా ఎవరో రాయి కథ కట్టారు. అప్పుడూ నోరు మూసుకున్నాం. ముప్ఫయ్యేళ్లుగా అందరూ ఏటవతలి వాళ్లని ‘రాళ్లవాళ్లు’ అంటుంటే, ఆ మనుషులు వెనక బెంచీల్లో తలొంచుకుని కూర్చుంటున్నారు. నోటిమాటైతే ఎప్పటికో చస్తుంది. నువ్వు అచ్చేస్తే మన మనవలూ అదే చదువుతారు.

అమ్మ పరువు కోసం అంటావేమో, ఆ మాట నా దగ్గర అనకు. పోయేముందు ఆ వేలు నా చేతిలో పెట్టి, “నావల్ల కాలేదు, మీరైనా చెప్పండి” అంది. నువ్వూ పక్కనే ఉన్నావు.

ఆ పేజీ చింపెయ్. ఆదివారం పూజ కాగానే అందరి ముందూ నేను నిచ్చెనెక్కి ఆ వేలు అతికిస్తాను. ఏటవతల ఇంటింటికీ వెళ్లి పిలిచొచ్చాను. నువ్వొచ్చి నిచ్చెన పట్టుకో. నాకు అరవై దాటాయి. ఈసారి వదలకు.

అక్క