ఊడవని ఇల్లు, నాలుగు గంటల విమానం

1981 ఫిబ్రవరి, గురువారం రాత్రి

మా ఆయన సోమవారం టాటానగర్‌లో బొంబాయి బండెక్కినప్పటి నుంచి ఇల్లు ఊడవలేదు. ప్రయాణమైన మనిషి చేరేదాకా చీపురు పట్టకూడదని అత్త పట్టు. మా బర్మామైన్స్ బస్తీలో ఒక్క పూట ఊరుకుంటేనే కార్ఖానా మసి గచ్చంతా పరుచుకుంటుంది. ఒంట్లో ఓపిక లేదు, పైగా అడుగు తీసి అడుగు వేస్తే కాళ్ళ కింద కరకర.

పొద్దున్న ఉండబట్టలేక అడిగాను. "అత్తా, బొంబాయి నుంచి కువైట్‌కి ఇమానంలో నాలుగు గంటలేనట. నిన్ననే దిగిపోయుంటారు. ఊడ్సేయనా?"

"ఏటే, బొంబాయికే రైల్లో రోజున్నర పట్టీసింది. సముద్రం దాటడానికి నాలుగు గంటలేటి? నాకు సెప్పకు."

మా అమ్మాయి జడ అల్లుకుంటూ, "దాదీ, హవాయీ జహాజ్ హై, మాల్‌గాడీ నహీ," అంటూ, అది గూడ్సు బండి కాదు విమానమని నవ్వింది. దాంతో ఆవిడ అలిగి టీ కూడా ముట్టలేదు.

సాయంత్రం దీపం పెట్టకముందు ఆవిడే మెత్తబడి చీపురు తెచ్చి నా చేతికిచ్చింది. "నాలుగు గంటలే అన్నావు గదా. సేరిపోయుంటాడులే, ఊడ్సీయ్."

నాలుగు గంటలని వాదించింది నేనే. కానీ దిగగానే కొడతానన్న టెలిగ్రాం ఇంకా రాలేదు. వెల్డింగ్ పని ఇప్పిస్తానన్న ఏజెంటు మాట నిజమో కాదో. అసలు విమానం ఎక్కనిచ్చారో లేదో...

చీపురు మళ్ళీ తలుపు మూలన పెట్టేశాను.

"నడుం నొప్పిగా ఉందత్తా. రేపు సూద్దాం."

ఆవిడ కాసేపటికి నూనె గిన్నె తెచ్చుకుని నడుం రుద్దడానికి నా వెనక కూర్చుంది.