పక్కింటి మంచినీళ్లు

సుశీలా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సంవత్సరీకం పెట్టి వచ్చి, లాల్‌దర్వాజాలో కొన్న ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను.

అద్దె ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడల్లా నువ్వు ముందు పక్కింటి తలుపు తట్టి మంచినీళ్లడిగేదానివి. గ్లాసు ఖాళీ అయ్యేలోగా మనం చూడబోయే ఇంటి గుట్టంతా నీ చెవిన పడేది. నేను నవ్వేవాణ్ణి.

ఈ ఇంటిని నెట్ సెంటర్లో కూర్చుని బ్యాంకు వేలంలో పాడుకున్నాను. ఫొటోలో తలుపు మాత్రమే ఉంది. లోపల మనుషులుంటే ఖాళీ చేయించుకోవడం కొన్నవాడి పనేనన్న షరతు చదవకుండానే ఒప్పుకున్నాను.

తలుపు తీసింది ఒక ముసలమ్మ. ఇంటి మీద అప్పు చేసిన కొడుకు పరారీ. "ఎండలవడి వచ్చినవ్ బిడ్డా, కూసో" అని నీళ్లిచ్చింది. తాగాను. తర్వాత కోర్టు కాగితంతో పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చి ఆమె మంచం గల్లీలో వేయించాను.

"నేనెటు పోవాలె బిడ్డా?" అంది.

"నీ కొడుకునడుగు" అన్నాను.

పక్కింటివాళ్లు ఆమెను తమ అరుగు మీద ఉండనిచ్చారు. గల్లీలో నాతో ఎవరూ మాట్లాడరు. సరే, అమ్మేద్దామనుకున్నాను. చూడటానికి నలుగురొచ్చారు. నలుగురూ నీలాంటివాళ్లే, ముందు పక్కింట్లో నీళ్లడిగారు. ముసలమ్మే లేచి చెంబు అందించేది. "తాగు బిడ్డా, అంతా చెప్త." ఒక్కరూ నా గడప తొక్కలేదు.

రేపు నేనూ ఈ ఇంటిని ఆన్‌లైన్ వేలానికి పెడుతున్నాను. పక్కింటి అరుగు పడకుండా తలుపు ఫొటో తీయించాను. ఆన్‌లైన్‌లో ఎవరికీ దాహం వేయదు.