బొమ్మల యుద్ధానికి దొరికిన సెలవు

ప్రియమైన అన్నయ్యకు,

చెల్లెలు సువార్త వందనాలు. ప్రభువు దయవల్ల నేనిక్కడ ఒంట్లో బాగానే ఉన్నాను. నువ్వు, వదిన, కీర్తన కులాసాగా ఉన్నారని తలుస్తాను. వదిన మోకాలి నొప్పి ఎలా ఉంది? నేను పంపిన నూనె రాసుకుంటోందా, లేక ఖరీదైన సీసా అని అలమారాలో దాచిపెట్టిందా? కీర్తన బడికి సరిగా వెళ్తోందా? ఆ పిల్లకి తండ్రి ముందే లేడు, ఇప్పుడు తల్లి, మన అక్క కూడా పోయింది. మీ దగ్గర ఉంది కాబట్టి నాకు ధైర్యం.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నువ్వు ఆశ్చర్యపోతావు. ఫోనులో మనం మాట్లాడుకునేదేముంది అన్నయ్యా? నువ్వు అన్నం తిన్నావా అంటావు, నేను తిన్నానంటాను, పక్కనుంచి వదిన అక్క పేరెత్తుతుంది, ముగ్గురం ఏడ్చి పెట్టేస్తాం. నీకు ఒక మాట చెప్పాలి. అక్క చివరి రోజుల్లో నేను రాకపోవడం గురించి. నాలుగు నెలలుగా గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. నేరుగా చెప్పే ధైర్యం లేదు, చుట్టూ తిరిగి వస్తాను. కాస్త ఓపిగ్గా చదువు.

ఈ దేశంలో చలి విపరీతంగా ఉంది. నాలుగింటికే చీకటి పడుతుంది. వాన మన వానలా కురిసి వెలిసేది కాదు, రోజంతా తుంపర పడుతూనే ఉంటుంది. ఇందులో సగం మన దర్శి పక్క పడితే ఎంత బాగుండేదో అనుకుంటాను. ఈసారి సాగర్ కాలువకి నీళ్ళు వదిలారా? మిరపకి నల్లతామర పురుగు తగ్గిందా? ఈపాటికి కోతలు మొదలయ్యే ఉంటాయి.

తిండికి లోటు లేదు, దిగులుపడకండి. వీళ్ళు పెట్టే ఉడకబెట్టిన బంగాళదుంపల మీద వదిన పంపిన కారం చల్లుకుని తింటున్నాను. సీసా అడుగుకి వచ్చింది, ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే ఇంకొంచెం పంపమను. మొన్న వంటగదిలో దాని మూత తీస్తే పక్క గదిలో ముసలాయన ఏడుసార్లు తుమ్మాడు. నేను లెక్కపెట్టాను.

ఆ తుమ్మిన ఆయన పేరు ఆల్బర్ట్ గారు. మా వృద్ధుల ఇంట్లో ఆయన్ని చూసుకోవడం నా పని. ఒకప్పుడు బస్సు నడిపేవారు. ఇప్పుడు చేతులు ఎంత వణుకుతాయంటే చెంచా కూడా నోటిదాకా పోదు, నేనే తినిపిస్తాను. ఆయన గదిలో అద్దాల బీరువా నిండా బొమ్మ సైనికులున్నారు. ఒక్కొక్కడు చిటికెన వేలంత ఉంటాడు. పసుపుపచ్చ కవచాలు, చేతుల్లో ఎక్కడా చూడని తుపాకులు. ఇప్పటికి వేల ఏళ్ళ తర్వాత వేరే వేరే గ్రహాలవాళ్ళు కొట్టుకునే యుద్ధమట. పెద్దవాళ్ళు బల్ల చుట్టూ నిలబడి ఆడే ఆటట. ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకున్నాను. కానీ ఒకరోజు దుమ్ము దులుపుతూ దగ్గరగా చూస్తే ప్రతివాడికీ కనుపాప కూడా దిద్ది ఉంది. అవన్నీ చేతులు బాగున్న రోజుల్లో ఆయన వేసిన రంగులే. ఆ తర్వాత నుంచి గుడ్డతో కాకుండా మెత్తటి కుంచెతో దులుపుతున్నాను.

ఇక్కడి చర్చి పక్క హాల్లో ఆ ఆట ఆడేవాళ్ళ సంఘం కూడుతుంది. ఏడాదికొకసారి పెద్ద యుద్ధం పెడతారు, అటు నలుగురు, ఇటు నలుగురు, ఎవరి సైన్యం వాళ్ళు తెచ్చుకోవాలి. ఈ ఏడు వెళ్ళలేనని ఆల్బర్ట్ గారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు, "నా చేతులుగా నువ్వు వస్తావా? నేను చెప్పినట్టు జరిపితే చాలు" అని అడిగారు.

ఆ శనివారం నాకు డ్యూటీ. వెళ్ళాలంటే సెలవు అడగాలి. అడగందే అమ్మయినా పెట్టదని నువ్వంటావుగా. అయినా ఒకరోజంతా వెనకాడి, చివరికి ఆయన కుర్చీ తోసుకుంటూ మేనేజరమ్మ గది దగ్గరికి వెళ్ళాను. ఆమె కంప్యూటరు మీద నుంచి తల కూడా ఎత్తలేదు. "శనివారమా? తీసుకో. ఇంతదానికి అంత భయమెందుకు సువార్తా, అడిగితే చాలు కదా" అంది. అర నిమిషం పట్టలేదు. ఆల్బర్ట్ గారు చిన్నపిల్లాడిలా నవ్వారు. నేను మాత్రం ఆమె ముఖం చూడకుండా కుర్చీ వెనక్కి తిప్పాను.

శనివారం పొద్దున్నే ఆ సైనికులను ఒక్కొక్కరినీ దూదిలో చుట్టి పెట్టెలో పెట్టి తీసుకెళ్ళాను. హాల్లో నాలుగు బల్లలు కలిపి ఒక దేశమంత చేశారు. కూలిన మేడలు, విరిగిన ఆకాశనౌకలు, వంతెనలు, అన్నీ అట్టతోనూ జిగురుతోనూ చేసినవే. వాటి మధ్య వందల మంది సైనికులు. మా జట్టు నాయకుడు డేవ్ అని గడ్డం మనిషి, పైపులు బిగించే పని చేస్తాడట. గొంతు అచ్చం మన కోతల మేస్త్రీ గొంతే. నేను సరిగ్గా ఆటలో అరటిపండునని అతనికి చూడగానే తెలిసిపోయింది. బల్ల అంచున ఒక కూలిన బురుజు చూపించి, "మీ వాళ్ళు దీనిమీద నిలబడాలి. చివరిదాకా కదలకూడదు. అంతే మీ పని" అన్నాడు.

ఆట అయిదు విడతలు. టేపుతో అంగుళాలు కొలిచి జరపడం, గుప్పెడు పాచికలు వేసి కాల్చడం. ఆఖరి విడత అయ్యేసరికి ఎవరి చేతిలో ఎక్కువ చోట్లుంటే వాళ్ళు గెలిచినట్టు. ఆల్బర్ట్ గారు కళ్ళతో చూపిస్తుంటే నేను పాచికలు వేశాను. చచ్చినవాణ్ణి అందరూ పక్కనున్న పళ్ళెంలోకి విసిరేస్తున్నారు. నాకు చేతులు రాలేదు. మావాళ్ళను వరసగా పడుకోబెట్టాను. డేవ్ అది చూసి నవ్వుకున్నాడు.

మధ్యాహ్నం మందు వేశాక ఆల్బర్ట్ గారు కుర్చీలోనే నిద్రపోయారు. అప్పటికి మా బురుజు మీదికి వచ్చిన శత్రువులందరూ అయిపోయారు. నాకిక పనేమీ లేదు. పక్క బల్ల దగ్గర మా జట్టు లెక్కల టీచరుగారున్నారు, పాపం మెత్తటి మనిషి. ఆయన సైన్యాన్ని ఇనుప రాక్షసుల్లాంటివి చుట్టేసి తొక్కేస్తున్నాయి. ఆయన పళ్ళెం నిండిపోతోంది. నా వంతు వచ్చింది. నేను టేపు తీసుకుని మావాళ్ళందరినీ బురుజు మీదనుంచి దింపి అటు నడిపించాను. రెండు విడతలు పట్టింది. ఆయనవాళ్ళు ఆరుగురు మిగిలారు. ఆయన నా చేతులు పట్టుకుని ఊపేశారు.

ఆఖరి విడతలో శత్రువుల ఎగిరే బండి ఒకటి వచ్చి ఖాళీ బురుజు మీద వాలింది. ఆ ఒక్క చోటుతో మేము ఓడిపోయాం.

డేవ్ అరిచాడు. "నీ చోటు వదిలి ఎందుకెళ్ళావు? ఎవరి చోటు వాళ్ళు కాయాలని చెప్పానా లేదా?" నేనేం చెప్పను అన్నయ్యా? నా సాలు అయిపోయింది, ఆయన సాలు వెనకబడింది, ఎదురెళ్ళాను. వచ్చీరాని ఇంగ్లీషులో అదే చెప్పాను. మా ఊళ్ళో మిరపకాయలు కోసేటప్పుడు తన సాలులో మొక్కలు ముందుగా అయిపోయినవాళ్ళు గట్టున కూర్చోరని, వెనకబడినవాళ్ళ సాలుకి ఆ చివర నుంచి కోసుకుంటూ ఎదురొస్తారని. చెబుతుంటే నాకు మన అక్కే కనబడింది. చిన్నప్పుడు నా సాలు ఎప్పుడూ వెనకే కదా. "ఏమే, నిద్రపోతన్నావా?" అని మేస్త్రీ అరిచేవాడు. అక్క తనది గబగబా కోసేసి, ఒడిలో కాయలు కుప్పలో పోసి, నాకు ఎదురొచ్చేది. మొక్కల మధ్యనుంచి తల ఎత్తితే అక్క తలగుడ్డ కనబడేది. ఇక ఇంటికి పోవచ్చు అనుకునేదాన్ని.

డేవ్ వెళ్ళి నాకు టీ తెచ్చిచ్చాడు. అరుపులకి ఆల్బర్ట్ గారు ఎప్పుడు లేచారో, అంతా విన్నట్టున్నారు. "ఓడించావు పో. కానీ మావాళ్ళు ఇన్నేళ్ళలో ఇంత దూరం ఎప్పుడూ నడవలేదు" అన్నారు. తర్వాత, "మీ అక్క ఇంకా మిరపకాయలే కోస్తోందా?" అని అడిగారు.

సెప్టెంబరులో పోయిందని చెప్పాను. నువ్వు వెళ్ళావా అన్నారు. నాలుగు నెలలుగా అలవాటైన మాటే నోటికొచ్చింది. "లేదండీ. సెలవు ఇవ్వలేదు."

ఆయన నా ముఖం చూశారు. "ఇవ్వలేదా? మొన్న నువ్వడిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను కదమ్మా. ఆమె తల కూడా ఎత్తలేదు" అన్నారు. నన్ను తప్పుపట్టి అన్న మాట కాదు. అర్థం కాక అడిగారు. నేను సైనికులను దూదిలో చుడుతూ కూర్చున్నాను, ఎంత చుట్టినా ఆ పెట్టె నిండలేదు.

అన్నయ్యా, చెప్పాల్సింది ఇదే. నేను సెలవు అడగలేదు. వాళ్ళు ఇవ్వకపోవడం కాదు, నేను అడగనే లేదు. నాకొక అక్క ఉందన్న సంగతే ఆ మేనేజరమ్మకి తెలియదు. అంతకు కొద్ది నెలల ముందే నాతో పనిచేసే కేరళ అమ్మాయి వాళ్ళ నాన్నకి బాగాలేదని మూడు వారాలు వెళ్ళొచ్చింది. అంటే ఇస్తారని నాకు తెలుసు.

ఉద్యోగం పోతుందని కాదు. ఇక్కడ నా పని చివరికొచ్చిన మనుషుల పక్కన కూర్చోవడం. గుంటూరు ఆసుపత్రివాళ్ళు అక్కని ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారని నువ్వు చెప్పగానే, ఇక జరగబోయేదంతా నాకు వరసగా కళ్ళకు కట్టింది. ఎప్పుడు తిండి మానేస్తుందో, ఎప్పుడు మనుషులను గుర్తుపట్టదో, ఊపిరి ఎలా మారుతుందో. పరాయివాళ్ళకైతే ఒళ్ళు తుడుస్తాను, తడిగుడ్డతో పెదాలు తడుపుతాను, చెయ్యి పట్టుకుని కూర్చుంటాను. నాకు జడలు వేసి, కోతలకి పోయి నన్ను నర్సింగు చదివించిన మనిషిని అలా చూడలేననుకున్నాను. అడిగితే ఇస్తారేమోనని భయపడి అడగలేదు అన్నయ్యా.

వదిన ఫోను అక్క చెవి దగ్గర పెట్టిన రోజు గుర్తుందా? "ఎప్పుడొస్తన్నావే?" అంది అక్క. సెలవు ఇవ్వడంలేదక్కా అన్నాను. "ఇవ్వరులేవే, కొత్త ఉద్యోగమాయె. నువ్వేం దిగులు పెట్టుకోమాక" అంది. తనే నాకు ధైర్యం చెప్పింది. ఆ గొంతు వింటే రెండు రోజులకు మించి ఉండదని నాకు తెలిసింది. అయినా నేను ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

అక్క పోయాక మనింట్లో పెట్టిన ఆదరణ కూడిక వీడియో కీర్తన పంపింది. నువ్వు లేచి నిలబడి, "మా చెల్లికి అక్కడ సెలవియ్యలేదండి, దానికోసం కూడా ప్రార్థన చెయ్యండి" అన్నావు. పాస్టరు అయ్యగారు, ఊరంతా తలలు వంచి నాకోసం ప్రార్థన చేశారు. అది నేను ఒక్కసారే చూశాను, మళ్ళీ చూడలేకపోయాను. వెనక ఫ్లెక్సీ మీద అక్కది ఆధార్ ఫోటో వేయించారు, అందులో అక్క ఎవరిమీదో కోపంగా ఉన్నట్టుంటుంది. పత్తి తీతలప్పుడు నేను తీసిన నవ్వు ఫోటో వదిన ఫోనులో ఉండాలి. అది ఉంటే పంపండి.

నిన్న మళ్ళీ మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళి అక్క సంగతంతా చెప్పాను. "అప్పుడే నాకెందుకు చెప్పలేదు?" అని లేచి వచ్చి నన్ను దగ్గరికి తీసుకుంది. చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. మార్చిలో మూడు వారాలు సెలవిచ్చింది. ఇప్పుడు వచ్చి ఎవరిని చూడాలి? అయినా వస్తాను. కీర్తన ముందు కూర్చుని, మీ అమ్మ పిలిస్తే నేను రాలేదని నా నోటితో నేనే చెప్పాలి. నువ్వు నన్ను ఇంట్లోకి రానిచ్చినా, రానివ్వకపోయినా వస్తాను.

నా ఆరోగ్యం గురించి బెంగ వద్దు, వేళకి తింటున్నాను, స్వెట్టరు వేసుకుంటున్నాను. వదినకు, అయ్యగారికి, అమ్మగారికి నా వందనాలు చెప్పు. కీర్తనకు ముద్దులు. ప్రతి ఉత్తరంలో అడిగినట్టు నన్ను దీవించమని ఈసారి అడగలేను. ముందు కోప్పడు, అది తీరాక మనసొస్తే దీవించు. ఒక్కటి మాత్రం చెయ్యి. ఆదివారం చర్చి బయట ఎవరైనా, "పాపం, మీ చెల్లికి సెలవియ్యలేదంట గదా" అని జాలిపడితే ఊరుకోకు అన్నయ్యా. అడగలేదని చెప్పు.

నీ చెల్లెలు,
సువార్త