తెల్ల పగడం

ఇవ్వనంటే ఇవ్వను. నిన్న అమ్మ మీద అలాగే అరిచేశాను, అన్నయ్యా.

ఓడ పనిలో ఉండగా ఆ చిన్న పగడాల దీవి నుంచి నువ్వు తెచ్చిన ముక్క గురించే గొడవ. నువ్వు పగడమన్నావని, పుస్తెల పక్కన గుచ్చించుకుందామని అమ్మ గోల్ బజారు కంసాలికి చూపించింది, గుర్తుందా? "ఇదేటి పిన్నీ, ఎముకలాగుంది! పగడం ఎర్రగుండద్దా?" అని అతను నవ్వితే నువ్వూ నవ్వావు.

ఇప్పుడు అమ్మ ఆ మాటే పట్టుకుంది.

"నా కొడుకు సముద్రంలో పడిపోనాడు. ఏడాదైనా ఎముక ముక్క కూడా ఇంటికి రానేదు. దీన్నే సముద్రంలో కలిపెత్తానురా," అంది.

కలిపేస్తే నువ్విక రానట్టే కదా అని నా కోపం.

ఈ పొద్దున రీడింగ్ రూమ్‌లో పేపర్ చూశాను. నీ దీవిని నేషనల్ పార్కు చేశారట. చచ్చిన పగడం ముక్క కూడా ఎవరూ తీసుకెళ్ళకూడదట, సముద్రానిది సముద్రంలోనే ఉండాలట. నువ్వుంటే "సూసినావా, నేను ముందే ఎల్లొచ్చినాను!" అని ఎగిరేవాడివి.

ఇంటికొచ్చి, నా పెట్టెలోంచి తీసి అమ్మ చేతిలో పెట్టాను. పసుపు గుడ్డలో మూట కట్టింది.

నాన్న రైల్వే పాసు మీద పూరీ సముద్రానికి వెళ్తున్నాం. బండికి వేళయింది. మూట నన్నే పట్టుకోమంటోంది అమ్మ. వెళ్ళాలి.