అడ్డపొగ ఫోటో

నవంబర్ 9

పొగాకు మానెయ్యమని చెప్పడానికి వచ్చినవాళ్ళు మా అమ్మ చేత మళ్ళీ మళ్ళీ చుట్ట కాల్పించారు. ఫోటో కోసం! అమ్మది అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో ఉంటుంది, కెమెరాకి కనబడదు. ఇంకొక్కసారి, నోరు కాస్త తెరువమ్మా అన్నారట. నేను కాఫీ తోటలో పళ్ళ కోతకి పోయాను. ఉంటే చెప్పేదాన్ని.

నవంబర్ 22, సంత

డుంబ్రిగుడ సంతలో పోస్టర్ పడింది. అమ్మ ముఖం, తలుపంత. కింద "ఈ అలవాటే నోటి క్యాన్సర్" అని. మా బుట్టలో అల్లం కొనడానికి వచ్చినవాళ్ళు పోస్టర్ చూసి, అమ్మని చూసి, పక్క బుట్టకి పోయారు. రత్నాలత్త అయితే, ఏటి కనకా, సినిమాలో సేరిపోనావా, మాతో మాటాడతావా ఇంక అని ఆడుకుంది. అమ్మకి కోపం రాలేదు. చాలాసేపు చూసి, నా ముక్కు ఇంత పెద్దదేటే గుంటా అంది.

నాకు మాత్రం మండింది.

నవంబర్ 23

తోటలో నాతో పనిచేసే ఫల్గుణ సిగరెట్ పెట్టె మీద పుండు బొమ్మ ఉంది. అమ్మ సంతలో కొనే పొగాకు కట్టకి నార తప్ప ఏమీ లేదు. బొమ్మ ఎక్కడ వేస్తారు, ఆకు మీదా? పెట్టె మీద బొమ్మ ఉండాలని రూల్ రాసినవాళ్ళు ఏ సంతకీ వచ్చినట్టు లేదు.

అసలు నిప్పు లోపలికి ఎందుకు? ఇన్నేళ్ళూ అడగనే లేదు. అడిగాను. వానకి ఆరదు, గాలికి రవ్వ ఎగరదు, రెండు సేతులూ పనికుంటాయి, ఇదీ తెల్దా నీకు అంది. వెలిగించకుండా నోట్లో పెట్టి చూశాను. పెదాలు ఎలా మూయాలో తెలియలేదు. అమ్మ పడీ పడీ నవ్వింది.

నవంబర్ 26

అమ్మ వేడి అంబలి పక్కన పెట్టేసింది. చల్లారాక తాగింది. నోట్లో నిప్పు పెట్టుకునే మనిషి!

నవంబర్ 27, పొద్దున్న

ఫోన్ టార్చ్ వేసి అంగిలి చూశాను. తెల్లగా మందంగా ఉంది, మధ్యలో ఎర్ర చుక్కలు. వెనక పుండు. ఫోటో తీసి చూపించాను. నా నోరేనా, మళ్ళీ సూపించు అంది. పోయిన వానలనుంచీ ఉందట. పోస్టర్‌కి ఫోటో తీసినవాళ్ళకి చెప్పలేదా అంటే, ఆళ్ళు అడగలేదే అంది.

ముఖం చూశారు. వెలుగు చూశారు. నోరు చూడలేదు.

పోస్టర్ మీది నంబరుకి ఫోన్ చేశాను. అవగాహన వరకే మా ప్రాజెక్ట్ అన్నాడు ఒక సారు. మీ అమ్మగారి ఫోటో చాలా బాగా వచ్చింది అని కూడా అన్నాడు. పెట్టేశాను.

వైజాగ్ పెద్దాసుపత్రికి పోదామంటే అమ్మ వినదు. డాక్టరే ఇక్కడికొస్తే సూపిస్తాను, బస్సెక్కను అంటోంది.

నవంబర్ 29, సంత

పోస్టర్ మీద మార్కర్‌తో రాశాను. అమ్మే స్టూలు పట్టుకుంది, ముక్కు మీద రాయకు అంటూ.

"ఈమె కనక. ఈమె నోరు ఏ డాక్టరూ చూడలేదు. పోస్టర్ వేసినవాళ్ళూ, వచ్చే సంతకి, పొద్దు తిరిగేలోపు, డాక్టర్‌ని తీసుకురండి. లేకపోతే ఈ ముఖం మా ఇంటికి తీసుకుపోతాం."