ఫైనల్లో నా పక్కన ఎవరున్నారనే విషయమై

క్రీడాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పదకొండేళ్ల కిందటి మహిళల డబుల్స్ ఫైనల్లో నాతో కలిసి ఆడి గెలిచిన మనిషి పేరును తమ రికార్డులో సరిచేయుట గురించి, నాలుగవ అర్జీ.

సూచిక: తమ కార్యాలయపు తిరస్కార లేఖలు మూడు. మూడింటిలోనూ నా పేరు మూడు రకాలుగా ఉన్నది.

పై విషయమై విన్నవించుకొనునది ఏమనగా:

1. ఆ ఫైనల్ గెలిచిన ఇద్దరిలో నేనొకర్తెను. డబుల్స్ అనగా వలకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు నిలబడి ఆడే ఆట. క్రీడాధికారికి ఈ సంగతి చెప్పవలసి వచ్చినందుకు నాకే సిగ్గుగా ఉన్నది. కానీ పోయిన నెల తమ గదికి వచ్చినప్పుడు తమరు ఫైలు మూయకుండానే, "మీరు గెలిచారు కదమ్మా, పక్కన ఎవరుంటే ఏంటి?" అన్నారు. ఆ మాట అన్న మనిషి కుర్చీ వెనక గోడకు "క్రీడాధికారి" అని ఇత్తడి పలక ఉన్నది. దాన్ని ఎవరో రోజూ శ్రద్ధగా తుడుస్తున్నారు. తమ కార్యాలయంలో నాకు కనిపించిన పని అదొక్కటే.

2. మా నాన్న స్టేడియంలో మట్టి టెన్నిస్ కోర్టులకు నీళ్లు చల్లి, రోలరు లాగి, సున్నంతో గీతలు గీసేవాడు. తొమ్మిదో ఏట నుంచి నేను ఆ కోర్టుల వెనకాల గోడకు బంతి కొట్టి ఆట నేర్చుకున్నాను. నాకు పన్నెండేళ్లప్పుడు ఆమె వచ్చింది. ఒక నర్సు గారి కూతురు. నాకంటే మూడేళ్లు పెద్ద, ఎడమచేతి వాటం. ఎంత గట్టిగా కొట్టినా బంతి తిరిగి వచ్చేస్తుందని అందరూ ఆమెను "గోడ" అనేవారు. నాకు మాత్రం అక్క. ఆడపిల్లలందరికీ కలిపి సాయంత్రం ఒక గంట, ఒక కోర్టు. మిగతా కోర్టుల్లో తమ వంటి పెద్దలు పొట్టలు తగ్గించుకొనుటకు ఆడేవారు. ఉన్న ఒక్క కోర్టులో ఇద్దరే ఆడితే తక్కినవాళ్లు చూస్తూ కూర్చోవాలి. అందుకని నలుగురేసి దిగేవాళ్లం. మేము డబుల్స్ ఆటగాళ్లం కావడానికి కారణం ఇంతే. తమ శాఖ సావనీరులో "దూరదృష్టితో కూడిన ప్రణాళిక" అని అచ్చువేసుకున్నది దీనినే.

3. తరువాత పద్దెనిమిదేళ్లు కలిసి ఆడాము. నేను వల దగ్గర, ఆమె వెనక. ఆమె సర్వీసు చేసేముందు నేను నడుము వెనక వేళ్లు చూపించి, బంతి ఎటు రావాలో చెప్పేదాన్ని. "వేళ్లు తిన్నగా పెట్టవే, రెండో మూడో తెలిసి చావట్లేదు," అని జనం అందరి ముందూ అరిచేది. ఊరుగాని ఊళ్లలో బట్టలు గది వాష్‌బేసిన్లో ఉతుక్కుని, రాకెట్ల సంచుల మీద ఆరేసుకున్నాము. ఓడిన రోజు ఇద్దరం మాట్లాడుకునేవాళ్లం కాదు. మర్నాడు పొద్దున్న రైల్లో ఆమె తన అరటిపండు సగం విరిచి నాకిచ్చేది. మాట కలిసినట్టే. ఈ పద్దెనిమిదేళ్లలో తమ శాఖ నుంచి మమ్మల్ని చూడటానికి ఒక్క మనిషి రాలేదు. ఫిర్యాదు చేయడం లేదు. వచ్చి ఉంటే ఏం మాట్లాడాలో మాకు తెలిసేది కాదు.

4. ఈ అంశంలో ఫిర్యాదు నా మీదనే. అక్క భుజం చిట్లింది. ఆపరేషను చేసి తొమ్మిది నెలలు రాకెట్టు పట్టకూడదన్నారు. ఆమె ఇంకా ఆసుపత్రిలో ఉండగానే టెన్నిస్ సంఘం కార్యదర్శి గారు నన్ను పిలిపించి టీ ఇచ్చారు.

"గోడ పడిపోయిందమ్మా. మా అన్నయ్య కూతురు ఉంది, చక్కగా ఆడుతుంది. ఈ ఏడాది నీకు జోడీగా రాసేస్తున్నా. నీకూ ముప్పై నిండాయి, వయసు ఆగుతుందా?"

"సరేనండీ," అన్నాను. టీ బాగుంది కూడా. అక్కకు చెప్పడానికి నోరు రాలేదు. ఆమె ఆసుపత్రి మంచం మీద పేపర్లో చదువుకుంది. చదివి పేపరు మడిచి దిండు కింద పెట్టుకుందని వాళ్లమ్మ నర్సు గారు తరువాత నాతో అన్నారు. ఆ మాట ఆవిడ కోపంగా అని ఉంటే నాకు బాగుండేది.

కార్యదర్శి గారి అన్న కూతురితో ఏడు పోటీలు ఆడి, ఆరింటిలో మొదటి రౌండులోనే ఇంటికి వచ్చాము. ఆ పిల్లది తప్పు కాదు. వల దగ్గర బంతి మీదికొస్తే కళ్లు మూసుకునేది. ఆ వేగంతో వచ్చే బంతి ముందు మామూలు మనుషులు చేసే పని అదే.

5. పదో నెలలో ఒక పొద్దున్న నేను ఒంటరిగా సర్వీసు సాధన చేస్తుండగా అక్క కోర్టు తలుపు తీసుకుని వచ్చింది. సంచి కింద పెట్టింది.

"ఆ పిల్ల ఎలా ఆడుతోంది?"

"భయపడుతోందక్కా."

"నువ్వు?"

"నేనూ అంతే."

"సిగ్గు లేదూ నీకు?"

"లేదు," అన్నాను. అంతకంటే నిజం నా దగ్గర లేదు.

సంచిలోంచి రాకెట్టు తీసింది. "సరేలే, పక్కకి జరుగు. ఆ సగం నాది," అంది.

అయ్యా, నన్ను క్షమించుటకు ఆమెకు పట్టిన సమయం అంతే. ఒక పేరు దిద్దుటకు తమకు పద్నాలుగు నెలలు చాలలేదు.

6. నాలుగు నెలల తరువాత ఆ పెద్ద పోటీకి వెళ్లాము. ఆమెకు ముప్పై నాలుగు, నాకు ముప్పై ఒకటి. ఫైనల్ మొదటి సెట్టు మాది, రెండోది వాళ్లది. మూడోది టైబ్రేక్ దాకా పోయింది. గెలుపుకు ఒక్క పాయింటు ఉందనగా వాళ్లు బంతిని నా తల మీదుగా ఎత్తి కొట్టారు. అందదని తెలిసి "అక్కా, నీదే!" అని అరిచాను. ఆ దెబ్బ నేను చూడలేదు. వల దగ్గర ఉన్నవాళ్లు వెనక్కి తిరిగి చూస్తే తరువాతి బంతి చెవికి తగులుతుంది. నాకు వినిపించింది మట్టిలో ఆమె బూటు జారిన చప్పుడు, తరువాత రాకెట్టు చప్పుడు. కనిపించినవి ఎదుటి ఇద్దరి ముఖాలు. బంతి వాళ్ల మధ్య నుంచి పోతుంటే ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడు తిరిగాను. ఆమె మోకాళ్ల మీద ఉన్నది, ఎడమ భుజాన్ని కుడిచేత్తో పట్టుకుని నవ్వుతున్నది.

నా అర్జీల మీద తమరు వేసిన విచారణ సంఘంలోని పెద్దమనిషి ఒకరు, "ఆఖరి షాటు ఆవిడే కొట్టిందని మీరు కళ్లారా చూశారా?" అని అడిగారు. చూడలేదన్నాను. ఆయన ఏదో కనిపెట్టినట్టు రాసుకున్నారు. ఆయన జీవితంలో ఎవరి మీదనైనా నమ్మకంతో ముందుకు చూస్తూ నిలబడిన సందర్భం ఒక్కటైనా ఉండి ఉండదని ఆ ముఖం చూస్తేనే తెలిసింది.

7. ఇక అసలు విషయం. కార్యదర్శి గారు అంతకు ముందు ఏడాది సంఘం రిజిస్టరులో నా పక్కన రాసిన తన అన్న కూతురి పేరు అలాగే ఉండిపోయింది. ఆ రిజిస్టరును చూసి తమ శాఖ వారు ఆ పిల్లకు విజేత పత్రం తయారుచేశారు. స్టేడియం గోడ మీది విజేతల పట్టీలో ఆ పేరే చెక్కించారు. మేము పట్టించుకోలేదు. గెలిచింది ఎవరో మాకు తెలుసు, అది చాలుననుకున్నాము. మా తెలివితక్కువతనమును మన్నించవలెను.

పోయిన ఏడాది అదే స్టేడియంలో ఆడపిల్లల శిక్షకురాలి ఉద్యోగానికి ప్రకటన వచ్చింది. పెద్ద పోటీ గెలిచి ఉండవలెను, నలభై అయిదేళ్లు నిండరాదు. అక్క దరఖాస్తు చేసింది. "తమరు ఏ పోటీ గెలిచినట్లు రికార్డు లేదు" అని తమ సంతకంతో జవాబు వచ్చింది. వచ్చే నెల ఏడవ తేదీకి ఆమెకు నలభై అయిదు నిండుతాయి.

8. సమర్పించిన రుజువులు, తమరు పెట్టిన వంకలు:

(అ) పోటీ నిర్వాహకుల అచ్చు జాబితా. అందులో ఆమె పేరులో ఒక అక్షరం బడి సర్టిఫికెట్టుతో కలవలేదని తిప్పి పంపారు. ఆమె వేరు, ఆ గెలిచినావిడ వేరు కావచ్చునట. భూమ్మీద ఒక్క అక్షరం తేడాతో ఇద్దరు ఎడమచేతి ఆడవాళ్లు ఉండి, ఇద్దరూ నాతోనే ఆడి ఉండవచ్చునని తమ ఊహ.

(ఆ) పేపర్లో పడిన ఫొటో. అందులో ఆమె వీపు మాత్రమే ఉన్నదని కాదన్నారు. గెలిచాక ఆమె నన్ను కావలించుకున్నది. ఫొటోగ్రాఫరు ఆమె వెనక ఉన్నాడు.

(ఇ) నా ప్రమాణ పత్రం. నేను "సంబంధం ఉన్న వ్యక్తి"నట. నిజమే. ఆ మాత్రం తమరికి అర్థమైనందుకు కృతజ్ఞతలు.

9. విసుగు పుట్టి నేను కార్యదర్శి గారి అన్న కూతురి దగ్గరికే వెళ్లాను. ఇప్పుడామె కళ్లజోళ్ల దుకాణం నడుపుతున్నది. పోట్లాటకు సిద్ధపడి వెళ్లాను. నన్ను చూడగానే చేతిలోని ఫ్రేము బల్ల మీద పెట్టి లేచి నిలబడింది.

"ఆ పేరు గురించేనా అక్కా?"

"అవును."

"ఆ పట్టీ చూడాల్సి వస్తుందని స్టేడియం దారిలో వెళ్లడమే మానేశాను. ఆ రోజు ఫైనల్ నేను మా ఇంట్లో టీవీలో చూశాను. గోడక్క ఆ బంతి తీసినప్పుడు సోఫా ఎక్కి గెంతాను. మా బాబాయికి ఎన్నిసార్లు చెప్పానో! 'పడుండనీవే, పేరు ఊరికే వస్తే చేదా?' అన్నాడు."

"రాసిస్తావా?"

"ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పు."

అక్కడికక్కడే దుకాణం కాగితం మీద "నేను గెలవలేదు, గోడక్క గెలిచింది" అని రాసి, కింద అక్క అసలు పేరు కూడా రాసి, సంతకం పెట్టి, తన విజేత పత్రంతో సహా నా చేతిలో పెట్టింది. ఆ రెండూ తమకు ఇచ్చాను. తమరు రెండువైపులా తిప్పి చూసి, "గెలిచామని చెప్పుకోడానికి ఫారం ఉందమ్మా. గెలవలేదని చెప్పుకోడానికి లేదు," అన్నారు. తమ శాఖ పుట్టినప్పటి నుంచి అటువంటి ఫారం అవసరమైన నిజాయితీపరులు లోపలికి రాలేదని అర్థమైంది.

కావున కోరునది: ఆ రిజిస్టరులో ఒక పేరు కొట్టి ఒక పేరు రాయవలెను. పట్టీ మీద దిద్దవలెను. ఏడవ తేదీలోగా ఆమె దరఖాస్తును మళ్లీ చూడవలెను. ఇవి కుదరనిచో పట్టీ మీద నా పేరు కూడా తీసివేయవలెను. ఆ ఫైనల్ ఎవరూ గెలవలేదని రాసుకొనుడు. తమ శాఖకు అది కొత్త కాదు.

తీరిక చూసుకొని చిత్తగించవలెను. తీరికకు తమ గదిలో కొరత లేదని మూడుసార్లు వచ్చి చూసితిని.

ఇట్లు,
తమ విధేయురాలు (నమూనాలో ఉన్నది గనుక),
మహిళల డబుల్స్ విజేతలలో ఒకర్తె.

తాజా కలం: ఈ అర్జీని ముప్పయ్యవ తేదీనే ఇచ్చాను. ఎడమ పక్క మార్జిన్ చాలలేదని మీ గుమాస్తా పదకొండవ తేదీన తిప్పి పంపాడు. ఈలోగా ఏడవ తేదీ వచ్చి పోయింది. కనుక ఉద్యోగం సంగతి వదిలేయండి. మిగతా రెండూ వదలను. అయిదో అర్జీకి మార్జిన్ గీసి పెట్టుకున్నాను.

ఏడో తేదీన అక్క ఇంటికి వెళ్లాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. వంటింటి బల్ల మీద ఈ అర్జీ నకలు పరిచి చదువుతోంది. "ఇంత తిట్టాలటే మనిషిని?" అంది. తిట్టాలన్నాను. "అయితే ఆ పొట్టల దగ్గర ఇంకో మాట కలపాల్సింది," అంది. తరువాత సొరుగులోంచి ఇంకో కాగితం తీసింది. నలభై దాటిన ఆడవాళ్ల డబుల్స్ పోటీకి ఎంట్రీ ఫారం. కళ్లజోళ్ల దుకాణం పిల్ల తెచ్చి ఇచ్చిందట.

ఒకటే పేజీ అయ్యా. రెండు పేర్లకు రెండు గీతలున్నాయి. ఆమె పేరు నేను రాశాను, నా పేరు ఆమె రాసింది. అధికారి సంతకానికి ఎక్కడా చోటు లేదు. నమ్మలేక రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాం.